గుంపులో దగ్గిన మనిషి

పప్పన్నం ముద్ద నోటి దాకా తెచ్చి అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా మెస్సు గోడ మీద టీవీలో సినిమా నడుస్తోంది. కలెక్టర్ ఆఫీసు ముందు జనం, ఎండ, జెండాలు. హీరో ఇంకా రాలేదు. "నీళ్ళివ్వాలి! నీళ్ళివ్వాలి!" అని వెయ్యి గొంతులు అరుస్తున్నాయి. ఆ అరుపు సద్దుమణుగుతుండగా జనం వెనక నుంచి ఎవరో దగ్గారు. రెండే రెండు దగ్గులు. పొడివి.

"బాబాయ్!" అని అరిచేశాను.

వడ్డిస్తున్న యాదమ్మక్క సాంబారు గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది. "ఏ బాబాయే? ఎవరొచ్చిన్రు?"

"టీవీలక్కా. గా దగ్గింది మా బాబాయే."

"గంత మందిల దగ్గింది ఎవరో నీకెట్ల తెలుస్తదే? సల్లారుతుంది, తిను ముందు."

నాకు తెలుస్తుంది. ఆయన పోయి ఇంకా రెండు వారాలు కాలేదు. అయినా అక్కడ జనం వెనకాల నిలబడి, మంచినీళ్ళ కోసం అరిచి, అలిసిపోయి దగ్గుతున్నారు. ఆ పూట హీరో ఎప్పుడొచ్చాడో, ఎంతమందిని కొట్టాడో నేను చూడలేదు.

డబ్బింగ్ థియేటర్‌లో జనం గోల చెయ్యడానికి వెయ్యి మందిని పిలవరు. ఏడెనిమిది మంది మైకు ముందు నిలబడి వెయ్యి మంది అయిపోతారు. ఆ ఏడెనిమిది మందిలో ఆయన ఒకరు. ఊరేగింపు, ధర్నా, ఎలక్షన్ మీటింగ్, ఏది ఉన్నా ఆయన్నే పిలిచేవారు. సౌండ్ ఇంజనీర్లు మొదట్లో "మాస్టారూ, దగ్గు పడింది, మళ్ళీ చేద్దాం" అనేవారట. "పడలేదయ్యా, వేశాను" అనేవారట ఆయన. "జనమన్నాక ఒకడు దగ్గుతాడు. ఒకడు పక్కవాడి చెప్పు తొక్కుతాడు. అందరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆపితే అది ధర్నా కాదు, బడిలో ప్రార్థన."

నేను ఫిల్మ్ నగర్‌లో ఒక డీటీపీ, జిరాక్స్ షాపులో తెలుగు టైపింగ్ చేస్తాను. ఇంటర్ మధ్యలో ఆపేసి ఈ పని నేర్చుకున్నాను. కథలు, డైలాగులు, సీన్ పేపర్లు, పాటలు, అన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి. కో-డైరెక్టర్లు వస్తారు, కొత్త రైటర్లు వస్తారు, అందరికీ అర్జెంటే. ఒకరోజు పొద్దున్న తెల్ల చొక్కా, భుజానికి గుడ్డసంచీ, కాళ్ళకి రబ్బరు చెప్పులతో ఆయన వచ్చారు. వచ్చిన వాళ్ళందరూ ముందు ఫ్యాన్ కింద కుర్చీ చూసుకుంటారు. ఆయన కుర్చీని నా వైపు జరిపి, తను నిలబడే ఉన్నారు.

"కూసోండి సార్."

"కూర్చుంటే నా గొంతు కూడా కూర్చుంటుందమ్మాయ్. ఇంకో మాట, సార్ అనకు. మా సంఘంలో సార్లు లేరు."

"మరి తాత అననా?"

"అంత ముసలాణ్ణా!" అని నిజంగానే చిన్నబుచ్చుకున్నారు. డెబ్బై దాటి చాలా కాలమైంది ఆయనకి. "బాబాయ్ అను. సరిపోతుంది."

అలా బాబాయ్ అయ్యారు. ఆయనకి పెళ్ళయిందా, పిల్లలున్నారా, అసలు సినిమాల్లోకి ఎలా వచ్చారు, ఇవేవీ నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. చెప్పిందంతా సంఘం గురించే. యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఆయన, ఇంకో పదిమంది కలిసి ఒక విద్యార్థి సంఘం పెట్టారు. లైబ్రరీ వెనక సిమెంటు అరుగు మీద కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు కాబట్టి అందరూ అరుగు సంఘం అనేవారు. ఆ సంఘానికి ఈయన సెక్రటరీ. ఇన్నేళ్ళ తర్వాత పాతవాళ్ళంతా ఒకచోట కలవాలనుకున్నారు. ఆ రోజుకి సంఘం చరిత్ర పుస్తకంగా తేవాలని, రాయడానికి సెక్రటరీయే తగినవాడని తేల్చారు. అచ్చు వేయించే పని అప్పటి సంఘం ప్రెసిడెంట్ తీసుకున్నారు. ఆయన ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో ఉండే ప్రొడ్యూసర్.

బాబాయ్ రాత చూస్తే నవ్వొచ్చేది. కొత్త కాగితం కొనేవారు కాదు. డబ్బింగ్ అయిపోయాక పారేసే డైలాగు పేపర్లు ఏరి తెచ్చుకుని, వాటి వెనక ఖాళీ వైపు రాసేవారు. ఒక వైపు విలన్, ఇంకో వైపు సంఘం. మొదటి వారంలోనే నేను కొంప ముంచాను. గాలికి కాగితాలు చెదిరితే సర్ది పెట్టుకుని, చూడకుండా కొట్టుకుంటూ పోయాను. మర్నాడు ఆయనకి చదివి వినిపిస్తున్నాను. "సంఘం తరఫున ఐదుగురం వైస్ ఛాన్సలర్ గారి గదిలోకి వెళ్ళి వినతిపత్రం ఇచ్చాము. ఆయన కళ్ళజోడు తీసి మా వైపు చూసి, ఒరేయ్, మీ ఊళ్ళో పొయ్యి వెలగదురా, నా మనుషులు బయల్దేరారు..."

ఆగిపోయాను. ఏదో తేడా కొట్టింది. తలెత్తి చూస్తే ఆయన కౌంటర్ పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నారు. కళ్ళల్లోంచి నీళ్ళు.

"సారీ బాబాయ్, పేపర్ ఉల్టా అయింది. తీసేస్త."

"ఉండు ఉండు. ఆయన ఆ మాట అనలేదు గానీ, మొహం మాత్రం సరిగ్గా అలాగే పెట్టాడు. పాపం, ఆ డైలాగు రాసినవాడు మా వీసీని ఎప్పుడు చూశాడో!"

అప్పటి నుంచి ప్రతి కాగితం మీద విలన్ వైపు ఎర్ర పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టి తెచ్చేవారు.

చదివి వినిపించడం ఏమిటంటే, అది ఆయన పెట్టిన షరతు. టైపు చేసిందల్లా నేను పైకి చదవాలి. నాకు అర్థం కాని చోట ఆగాలి. నేను ఆగితే ఆయన ఒక్క మాట కూడా వాదించకుండా పెన్ను తీసి కొట్టేసి మళ్ళీ రాసేవారు.

"నేను తక్కువ చదువుకున్న బాబాయ్. నాకు అర్థం కాకపోతే నాదే తప్పు" అన్నాను ఒకసారి.

ఆయనకి కోపం వచ్చింది. నేను చూసిన కోపం అదొక్కటే. "ఎవరు చెప్పారు నీకు? అర్థం కాకుండా రాసినవాడిది తప్పు. మా సంఘంలో నినాదం రాసినవాడు దాన్ని ముందు హాస్టల్ మెస్సులో వంటాయనకి వినిపించాలి. ఆయన గరిటె తిప్పుతూ 'ఊ' అన్నాడా, పాస్. గరిటె ఆపి 'అంటే ఏంటి బాబూ?' అన్నాడా, పోయి మళ్ళీ రాసుకో. మా ప్రెసిడెంట్ ఉన్నాడే, వాడి నినాదాలు ఒక్కటీ పాసవలేదు. ఇంతింత పొడుగు మాటలు. వంటాయన చెయ్యి నొప్పి పుట్టి కూర్చునేవాడు, ఆపి ఆపి. ఇప్పుడు వాడి సినిమాల్లో డైలాగులు చూడు, అవే!"

ఆ వంటాయన ఉద్యోగం నాకిచ్చారు బాబాయ్. నాకు చాలా గర్వంగా ఉండేది. పెద్ద పెద్ద రైటర్లు వచ్చి "త్వరగా కొట్టమ్మా" అంటారు గానీ, "అర్థమైందా" అని నన్ను అడిగినవాళ్ళు లేరు.

సంఘానికి ఇంకో అలవాటు ఉండేది. మీటింగ్ జరిగితే మినిట్స్ పుస్తకంలో రాస్తారు కదా. ఒప్పుకున్నవాళ్ళు సంతకం పెడితే చాలు. ఒప్పుకోనివాళ్ళు మాత్రం తమకెందుకు ఇష్టం లేదో తమ చేత్తో రాయాలి. అరపేజీ అయినా, మూడు పేజీలైనా. దాన్ని ఎవరూ కొట్టెయ్యకూడదు. రాశాక, మెజారిటీ ఏమంటే దానితో నడవాలి. "కాదని రాయి, తర్వాత కలిసి నడువు. ఇదీ మా పద్ధతి" అని చెప్పేటప్పుడు ఆయన మెడ కొంచెం నిటారుగా అయ్యేది.

ఒకసారి నన్ను డబ్బింగ్ థియేటర్‌కి లాక్కెళ్ళారు. ఆడగొంతు ఒకటి తక్కువైందట, రావాల్సినామెకి జ్వరం. మా ఓనర్ అన్న "పోయిరా, గంటల రావాలె" అన్నాడు. లోపలికి వెళితే ఏసీకి చేతులు చల్లబడిపోయాయి. తెర మీద ఏదో ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడ్డారు. "మా ఊరికి రోడ్డెయ్యాలి" అని అరవాలి. నా గొంతు పిల్లిపిల్ల అరిచినట్టు వచ్చింది. ఇంజనీర్ అద్దం వెనక నుంచి "మేడమ్, కొంచెం ఎనర్జీ" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

బాబాయ్ నా పక్కకి వచ్చి చెవిలో అడిగారు. "మీ బస్తీలో నల్లా ఎప్పుడొస్తుంది?"

"దినం విడిచి దినం, పొద్దుగాల ఆరు గంటలకు."

"నువ్వు లైన్లో ఉన్నావు. నీ ముందు ఒకావిడ తన బిందెలు నింపుకుని, చుట్టాల బిందెలు కూడా పెడుతోంది. నల్లా ఆగిపోయే టైమైంది. ఏమంటావ్?"

ఏమన్నానో రాయను. అద్దం వెనక ఇంజనీర్ హెడ్‌ఫోన్స్ తీసేసి చెవులు రుద్దుకున్నాడు. "ఇప్పుడు ఆ మాటలు తీసేసి రోడ్డు పెట్టు" అన్నారు బాబాయ్. ఒక్క టేకులో అయిపోయింది. బయటికి వచ్చాక "చూశావా, నీ దగ్గర లేనిది ఏమీ లేదు" అన్నారు. అంతే. ఇంకేం పొగడలేదు. కానీ ఆ రోజు నుంచి షాపులో ఎవరైనా నన్ను తీసిపారేసినట్టు మాట్లాడితే నా గొంతు నాకు వెంటనే దొరికేది.

పుస్తకంలో పెద్ద ఘట్టం పరీక్షల బహిష్కరణ. సంఘం నినాదాలు విన్న ఆ వంటాయన్నే హాస్టల్ వార్డెన్ పనిలోంచి తీసేశాడు. పిల్లల చేత గొడవలు చేయిస్తున్నాడని నింద. ఆయన్ని మళ్ళీ తీసుకునేదాకా ఏడాది చివరి పరీక్షలు రాయకూడదని సంఘం నిర్ణయించింది. నిలబడ్డారు, గెలిచారు. వంటాయన మళ్ళీ వచ్చాడు. ఆ రోజు ఆయన గరిటె పైకెత్తి ఊరేగింపులో ముందు నడిచాడని టైపు చేస్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది. పైకి చదివేటప్పుడు దానికి ముందే ఈ వాక్యం వచ్చింది. "పరీక్షలు బహిష్కరించాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది."

నేను ఆగాను.

"అర్థం కాలేదా? అందరూ ఒప్పుకున్నారని."

"అది తెలుసు బాబాయ్. కానీ మా బస్తీ మీటింగ్‌ల పదిమంది కూసుంటే పదకొండు మాటలుంటయి. మీరప్పటికి నలభై మంది అయిన్రు. సంవత్సరం చదువు పోతదంటే ఒక్కరు కూడా వద్దనలేదా?"

ఊరికే అడిగాను. ఆయన పెన్ను మూత పెట్టారు. తర్వాత కాగితాలు ఒక్కొక్కటే సంచీలో పెట్టుకున్నారు. "రేపొస్తానమ్మాయ్" అన్నారు. ఆ రోజే మొదటిసారి కుర్చీలో కూర్చున్నారు. చెప్పులు వేసుకోవడానికి అన్నట్టు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

రేపు రాలేదు. ఎల్లుండి రాలేదు. వారం గడిచింది. నోటి దురదతో పెద్దాయన్ని బాధపెట్టానేమో అని నాకు అన్నం సయించలేదు. తొమ్మిదో రోజు వచ్చారు. చేతిలో కాగితం లేదు. "రాసుకో" అని నిలబడి చెప్పడం మొదలుపెట్టారు. నేను కొడుతూ పోయాను.

ఆ పేజీలో ఏముందంటే. సంఘంలో సుగుణ అని ఒకామె ఉండేది. పరీక్షల బహిష్కరణ వద్దన్నది ఆమె ఒక్కతే. క్లాసులు మానేద్దాం, నిరాహారదీక్ష చేద్దాం, నేను ముందు కూర్చుంటాను, పరీక్షలు మాత్రం వదలొద్దు అంది. ఇళ్ళల్లో కొట్లాడి చదువుకి వచ్చిన అమ్మాయిలున్నారు, ఒక్క ఏడాది పోతే వాళ్ళని మళ్ళీ పంపరు అని మినిట్స్ పుస్తకంలో పేజీ నిండా రాసింది. రాసి, పద్ధతి ప్రకారం అందరితో కలిసి నడిచింది. తనూ పరీక్ష రాయలేదు. మర్నాడు ఆ పుస్తకం వైస్ ఛాన్సలర్‌కి చూపించాలి. ఒక్కరు కాదన్నారని తెలిసినా మాట పలచబడుతుందని సెక్రటరీ ఆ పేజీ చింపేశారు. సంఘం గెలిచాక సుగుణకి ఆ సంగతి తెలిసింది. పుస్తకం అడిగి తీసుకుని, చిరిగిన అంచు చూసి, ఏడుస్తూ వెళ్ళిపోయింది. మళ్ళీ అరుగు మీదకి రాలేదు. ఆమె చెప్పినట్టే ఇద్దరు అమ్మాయిలు కూడా మళ్ళీ యూనివర్సిటీకి రాలేదు.

"చింపింది నేను. ఎవరూ చింపమనలేదు. ఆ చెయ్యి ఇదే" అని ఆఖరి వాక్యం చెప్పి, కుడిచెయ్యి కౌంటర్ మీద పెట్టారు. నేను నా చెయ్యి దాని మీద పెడదామనుకుని, కీబోర్డు మీదే ఉంచేశాను. ఇప్పటికీ అది తలుచుకుంటాను.

"చదువమ్మాయ్."

చదివాను. ఎక్కడా ఆగలేదు.

సుగుణ గారు వెంగళరావు నగర్‌లో ఉంటున్నారని ఎవరినో అడిగి తెలుసుకున్నారు. ఆమెకి చూపించకుండా అచ్చు వెయ్యకూడదన్నారు. ఫోన్ చేసి ఆదివారం వస్తానని చెప్పారు. "నువ్వు కూడా రా. ఒక్కణ్ణే అయితే గేటు దాకా వెళ్ళి తిరిగొస్తాను" అని నన్ను పిలిచారు. కొత్త చొక్కా ఇస్త్రీకి కూడా ఇచ్చారు. శుక్రవారం పొద్దున టీ పెట్టుకుంటూ స్టవ్ దగ్గరే కూలిపోయారు. పక్క గదివాళ్ళు చూసేసరికి అయిపోయిందట.

టీవీలో దగ్గు విన్న ఆ రోజు నేను మెస్సు నుంచి షాపుకి వచ్చేసరికి ప్రొడ్యూసర్ గారి ఫోన్. ఆఫీసు మేనేజర్ కాదు, ఆయనే.

"అమ్మా, రేపు మధ్యాహ్నానికి పుస్తకం ప్రెస్సుకి వెళ్ళాలి. నువ్వు పంపిన ప్రూఫు చూశాను, అంతా బావుంది. ఆ బహిష్కరణ దగ్గర ఒక పేజీ ఉంది చూశావా, అది తీసేసి పంపు."

"సార్, అది బాబాయే నిలబడి చెప్పి రాయించిండు సార్."

"తెలుసమ్మా. వాడు బతికుంటే నేనే వాదించి తీయించేవాణ్ణి. సంఘం కోసం వాడు చేసినంత ఎవడూ చెయ్యలేదు. నాలుగైదు వందల మంది ఆ పుస్తకం చదువుతారు. చదివి ఏం గుర్తుపెట్టుకుంటారు? పేజీ చింపినవాడని. పోయినవాడి చేత తప్పు ఒప్పించి అచ్చెయ్యడం..." ఫోన్లో ముక్కు చీదిన చప్పుడు. "నాకు చేతకాదమ్మా. తీసెయ్."

పొగరుగా చెప్పి ఉంటే నాకు సులువయ్యేది. ఆయన ఏడుస్తున్నారు. ఫోన్ పెట్టేశాక నాక్కూడా అదే నిజమనిపించింది. నా బాబాయ్ వెయ్యి గొంతుల మనిషి, నల్లా దగ్గర నా గొంతు నాకు ఇచ్చిన మనిషి. ఆయన్ని చింపినవాడిగా అందరికీ నా చేత్తో చూపించాలా? పేజీ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేశాను. నీలంగా అయింది. ఒక్క మీట నొక్కితే చాలు.

"ఏంది, గట్ల చూస్తున్నవ్?" అన్నాడు ఓనర్ అన్న. సంగతి చెప్పాను. "కస్టమర్ తీయమంటే తీస్తం, పెట్టమంటే పెడ్తం. వాళ్ళ సంఘం, వాళ్ళ లొల్లి. మనకెందుకు పరేషాన్?"

"అన్నా, జర తొందరగ పోత ఇయ్యాల."

ఆ పేజీ ప్రింట్ తీసుకుని, ఐదింటికే ఆటో ఎక్కి వెంగళరావు నగర్ వెళ్ళాను.

తలుపు తీసినావిడ పొట్టిగా, తెల్లజుట్టుతో, కళ్ళజోడు తాడు మెళ్ళో వేసుకుని ఉన్నారు. లోపల గోడకి చర్చి క్యాలెండర్, కింద కుర్చీలో సగం అల్లిన స్వెట్టర్.

"మేడమ్, నేను టైపింగ్ షాపు నుంచి..."

"తెలిసింది. వాడు ఫోన్లో చెప్పాడు, ఒక గడుసుపిల్లని తోడు తెచ్చుకుంటున్నానని. పిల్ల వచ్చింది, వాడు రాలేదు." నవ్వబోయి ఆగారు. "పోయాడని విన్నాను. కూర్చో. నాకు మొన్ననే కంటి ఆపరేషన్ అయింది. నువ్వే చదువు."

చదివాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు.

"అంతా నిజమే, ఒక్క మాట తప్ప."

"ఏది మేడమ్?"

"నేను ఏడుస్తూ వెళ్ళిపోయానని రాశాడు. నేనెందుకు ఏడుస్తాను? పుస్తకం వాడి ముందు పడేసి, సైకిలెక్కి వెళ్ళిపోయాను. ఏడ్చింది వాడు. కిటికీ ఊచలు పట్టుకుని. నేను గేటు దాటుతూ వెనక్కి చూస్తే ఇంకా అలాగే ఉన్నాడు." స్వెట్టర్ మడత పెడుతూ, "అది మాత్రం రాయకులే. వాడు చెప్పలేదుగా" అన్నారు.

అప్పుడు ఫోన్ సంగతి చెప్పాను. తీసెయ్యమన్నారని, ఎందుకన్నారో అదీ దాచకుండా చెప్పాను. "మీరేమంటరు మేడమ్?"

"అప్పుడు సంఘం పరువన్నారు. ఇప్పుడు వాడి పరువంటున్నారు. అప్పుడూ మంచికే, ఇప్పుడూ మంచికే." కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచారు. "నేను చెప్పేదొకటే. ఆ రోజు వాడు ఫోన్ చేసి, మళ్ళీ రాశాను సుగుణా, నువ్వు రాసిన పేజీ నాకు గుర్తున్నంత వరకూ మళ్ళీ రాశాను అన్నాడు. అందుకే రమ్మన్నాను. ఊరికే పలకరించడానికి వస్తానంటే రానిచ్చేదాన్ని కాదు. చింపినవాళ్ళు చాలామందే ఉంటారమ్మా. ఇంత వయసొచ్చాక తిరిగి రాసినవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు."

గుమ్మం దాకా వచ్చి, "ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకామె నాకు ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. పుస్తకం ఆమెకొకటి, నాకొకటి కావాలి. వాళ్ళతో చెప్పు" అన్నారు.

మర్నాడు పొద్దున అన్న రాకముందే షాపు షట్టర్ ఎత్తాను. కంప్యూటర్ ఆన్ చేసి, ఆ పేజీ తెరిచి, "ఏడుస్తూ" అన్న మాట తీసేశాను. దాని చోట "సైకిలెక్కి" అని కొట్టాను. పైకి ఒకసారి చదువుకున్నాను. పుస్తకం మొత్తం, ఆ పేజీతో సహా, ప్రెస్సుకీ ప్రొడ్యూసర్ గారికీ ఒకేసారి పంపించాను. ఆయన చూసి ఫోన్ చేసేదాకా ఆగలేదు. నేనే చేశాను.

"సార్, పేజీ ఉంచిన. ఎందుకుంచిన్నో చెప్త. ముందు మీరు తిట్టేది తిట్టుండ్రి, వింట" అన్నాను.